పాకం పట్టనక్కరలేని పండుగ మిఠాయి



డిసెంబరు నెల వచ్చిందంటే మన ఇళ్ళలో పిండివంటల సందడి మొదలవుతుంది. అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు, వేరుశనగ చిక్కీ, రవ్వ లడ్లు, కేకు, ఏది ముందు మొదలుపెట్టినా క్రిస్మస్ నాటికి డబ్బాలు నిండాలి. క్యారల్స్‌కు వచ్చినవారికి పెట్టాలి, ఇరుగుపొరుగు వారికి పంచాలి. ఈ సందడితో పాటు మా క్యాజువాలిటీకి వచ్చేవారు కూడా ఉంటారు. వేడి పాకం చేతిమీద పడినవారు, వేరుశనగ గుండు గొంతుకు అడ్డం పడిన పసిపిల్లలు, పండుగ మరునాడు షుగరు పెరిగిన పెద్దవారు. ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకొని ఈసారి ఒక సులువైన మిఠాయిని పరిచయం చేస్తున్నాము. అదే చాక్లెట్ పల్లీ బిళ్ళలు. దీనికి పాకం పట్టే పని లేదు, నూనె మూకుడు పెట్టే పని లేదు.

పాకంతో ప్రమాదం ఏమిటి?

నీళ్ళు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతాయి. చిక్కీ కోసం పట్టే ముదురు పాకం దాదాపు 150 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. పైగా అది చర్మానికి అంటుకొని వదలదు. అందువలన వేడి నీళ్ళు పడిన దానికంటే గాయం లోతుగా ఉంటుంది. చాక్లెట్ సంగతి వేరు. అందులోని కోకో వెన్న సుమారు 34 డిగ్రీలకే కరుగుతుంది. మిఠాయి చేయడానికి 45 నుండి 50 డిగ్రీల వేడి సరిపోతుంది. అందుకే దీనిని సన్నని వేడి మీద నిదానంగా చేస్తారు.

స్లో కుక్కర్ అంటే ఏమిటి?

ఈ మిఠాయి అమెరికాలో క్రిస్మస్ రోజుల్లో చాలా ఇళ్ళలో చేసుకునేది. అక్కడ దీనిని స్లో కుక్కర్ అనే కరెంటు కుండలో చేస్తారు. లోపల మందమైన పింగాణీ గిన్నె, చుట్టూ సన్నని వేడి. మన పల్లెల్లో దాలిగుంటలో పిడకల నిప్పు మీద పాలకుండ రోజంతా కాగుతుంది కదా, ఇదీ అటువంటిదే. షికాగో నగరానికి చెందిన ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన ఇటువంటి కుండకు 1940లో పేటెంటు పొందారు. తరువాత 1971లో రైవల్ అనే కంపెనీ దీనిని క్రాక్ పాట్ అనే పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. అప్పటి నుండి అది అక్కడి వంటిళ్ళలో మామూలు వస్తువైపోయింది.

అక్కడి పద్ధతిలో అడుగున వేయించిన వేరుశనగ గుళ్ళు, వాటిపైన రెండు మూడు రకాల చాక్లెట్, అన్నిటికంటె పైన తెల్లని మిఠాయి పూత ముక్కలు వేస్తారు. ఆ పూతకు ఆల్మండ్ బార్క్ అని పేరు. పేరులో బాదం ఉన్నా సాధారణంగా అందులో బాదం ఉండదు. అలాగే అందులో వేసే జర్మన్ చాక్లెట్‌కూ జర్మనీ దేశానికీ సంబంధం లేదు. 1852లో దానిని తయారు చేసిన శామ్యూల్ జర్మన్ అనే ఆయన ఇంటిపేరు అది. మన వంటకు ఇవేవీ అవసరం లేదు. తెల్లని పూత మానివేస్తే తీపి కూడా తగ్గుతుంది.

మన సంఘ కుటుంబాలలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వారు సెలవులకు వచ్చేటప్పుడు స్లో కుక్కర్ తెచ్చి ఇస్తే ఒక్క విషయం చూసుకోండి. అక్కడి వస్తువులు 120 వోల్టులకు తయారైనవి. మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులు. నేరుగా ప్లగ్గు పెడితే కుక్కర్ కాలిపోతుంది, మంట కూడా రావచ్చు. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. లేదా ఇక్కడ దొరికే 230 వోల్టుల కుక్కరే కొనుక్కోండి. అసలు కుక్కర్ లేకపోయినా దిగులు లేదు, పొయ్యి మీద చేసే పద్ధతి కూడా క్రింద ఇస్తున్నాము.

కావలసినవి (సుమారు 50 బిళ్ళలకు):

వేరుశనగ గుళ్ళు (పల్లీలు) – 500 గ్రాములు, ఉప్పు లేనివి
డార్క్ కాంపౌండ్ చాక్లెట్ – 500 గ్రాములు
బటర్ పేపరు – పళ్ళెంలో పరచడానికి

కాంపౌండ్ చాక్లెట్ అంటే కోకో వెన్నకు బదులు వేరే వనస్పతి కొవ్వు కలిపినది. బేకరీ సామాన్లు అమ్మే షాపుల్లో అచ్చులుగా దొరుకుతుంది. త్వరగా గట్టిపడుతుంది, చేతికి అంటదు. అసలు చాక్లెట్ రుచి ఎక్కువే గాని, దానిని కరిగించి చల్లార్చడానికి నేర్పు కావాలి. లేకపోతే మెత్తగా ఉండిపోతుంది. కాంపౌండ్ కొనేటప్పుడు పొట్లం మీద ట్రాన్స్ ఫ్యాట్ ఎంత ఉందో చదవండి. గుండెకు హాని చేసే ఈ కొవ్వును 2022 నుండి మన దేశంలో 2 శాతం మించకుండా నియంత్రించారు. అయినా చదివి కొనడం మంచి అలవాటు.

వేరుశనగలను తప్పక ఏరుకోండి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి పారవేయండి. బూజు నుండి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో వేలాది టర్కీ కోళ్ళు చనిపోయినప్పుడు, వాటి దాణాలో వేసిన వేరుశనగ పిండిలోనే ఈ విషాన్ని గుర్తించారు. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. నాలుగు గింజలు పోతాయని ఆలోచించవద్దు.

తయారుచేయు విధానం:

ముందుగా గుళ్ళను సన్నని సెగ మీద 12 నుండి 15 నిమిషాలు దోరగా వేయించి, చల్లారిన తరువాత పొట్టు తీసి చెరగాలి. స్లో కుక్కర్ గింజలను వేయించలేదు కాబట్టి ఈ పని ముందే చేయాలి.

స్లో కుక్కర్‌లో: తడి ఏమాత్రం లేని గిన్నెలో అడుగున గుళ్ళు పరచండి. చాక్లెట్‌ను చిన్న ముక్కలుగా తరిగి వాటిపైన వేయండి. గుళ్ళు అడుగున ఉంటే చాక్లెట్ మాడదు. గిన్నె మీద మడత పెట్టిన పొడి నూలు గుడ్డ పరచి పైన మూత పెట్టండి. గుడ్డ అంచులు క్రిందికి వేలాడకుండా మూత మీదికి మడవండి. మూతకు పట్టిన ఆవిరి చుక్కలు చాక్లెట్‌లో పడకుండా ఈ గుడ్డ పీల్చుకుంటుంది. తక్కువ వేడి మీద పెట్టి గంటసేపు కదపకుండా వదిలేయండి. తరువాత 15 నిమిషాలకు ఒకసారి చూస్తూ, ముక్కలు మెత్తబడగానే కుక్కర్ ఆపి పొడి గరిటెతో బాగా కలపండి.

పొయ్యి మీద: వెడల్పు గిన్నెలో రెండు అంగుళాల నీళ్ళు మరిగించి మంట ఆపండి. దాని మీద సరిగా కూర్చునే పొడి గిన్నె పెట్టండి. దాని అడుగు నీళ్ళకు తగలకూడదు. అందులో చాక్లెట్ ముక్కలు వేసి నిదానంగా కలుపుతూ ఉంటే కరుగుతాయి. నీళ్ళు చల్లారితే మళ్ళీ కొద్దిసేపు సన్నని మంట పెట్టండి. పై గిన్నె దించేటప్పుడు ఆవిరి చెయ్యి కాలుస్తుంది కాబట్టి ఆ పని పెద్దవారే చేయాలి. దించిన తరువాత గుళ్ళు కలపండి. రైస్ కుక్కర్‌లో నేరుగా చాక్లెట్ వేసి స్విచ్చి నొక్కవద్దు, అడుగు మాడిపోతుంది.

ఇక చెంచాతో బటర్ పేపరు మీద చిన్న చిన్న కుప్పలుగా పెట్టాలి. ఈ పని బడికి వెళ్ళే పిల్లలకు ఇవ్వండి. చేతులు సబ్బుతో కడుక్కొని తడి లేకుండా తుడుచుకొని కూర్చుంటే వారే ఎంతో సంతోషంగా చేస్తారు. గంటా రెండు గంటలలో బిళ్ళలు గట్టిపడతాయి.

కరిగిన చాక్లెట్‌లో ఒక్క నీటి చుక్క పడినా పంచదార తడిసి అంతా ఉండ కట్టి ఇసుకలా అవుతుంది. అలా అయితే పారవేయనక్కరలేదు. గుళ్ళు కలపక ముందైతే వేడి పాలలో కలుపుకొని త్రాగవచ్చు.

ఎవరు ఎంత తినవచ్చు?

పై కొలతలతో చేసిన ఒక్కొక్క బిళ్ళ సుమారు 20 గ్రాములు ఉంటుంది. అందులో సుమారు 110 కేలరీలు, 5 గ్రాముల పంచదార, అంటే ఒక టీ స్పూను పంచదార ఉంటుంది. వేరుశనగలో మాంసకృత్తులు బాగా ఉన్నాయి, నిజమే. అయినా ఇది మిఠాయే గాని మందు కాదు.

షుగరు ఉన్నవారు భోజనం తరువాత ఒక్క బిళ్ళ తిని, ఆ పూట అన్నం కొంచెం తగ్గించుకోవచ్చు. డబ్బా దగ్గర పెట్టుకొని కూర్చోవద్దు. షుగరు ఇంకా అదుపులోకి రానివారు డాక్టరుగారిని అడిగి తినాలి. మరొక ముఖ్య విషయం. షుగరు పడిపోయి చెమటలు, వణుకు వచ్చినప్పుడు కొందరు చాక్లెట్ నోట్లో వేసుకుంటారు. దానిలోని కొవ్వు వలన పంచదార రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ఆ సమయంలో మూడు టీ స్పూన్ల పంచదార లేక గ్లూకోజు నీళ్ళలో కలిపి త్రాగాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు.

బి.పి. ఉన్నవారి కోసమే ఉప్పు లేని గుళ్ళు వాడమన్నాము. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, డయాలిసిస్ చేయించుకునేవారికి వేరుశనగ, చాక్లెట్ రెండింటిలోని పొటాషియం, ఫాస్ఫరస్ ఇబ్బంది కలిగిస్తాయి. వారు అడగకుండా తినవద్దు.

ఐదేళ్ళలోపు పిల్లల సంగతి

తల్లులారా, అమ్మమ్మలారా, ఈ భాగం మాత్రం రెండుసార్లు చదవండి. ఐదేళ్ళలోపు పిల్లలకు ఈ బిళ్ళలు గాని, విడి వేరుశనగ గుళ్ళు గాని, చిక్కీ గాని పెట్టవద్దు. నమిలే దంతాలు వారికి ఇంకా సరిగా కుదరవు. నవ్వుతూ, ఏడుస్తూ, పరుగెత్తుతూ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీలిస్తే గుండు ఊపిరి గొట్టంలోకి పోతుంది. చాలాసార్లు కుడి ఊపిరితిత్తి వైపు గొట్టంలో ఇరుక్కుంటుంది, ఎందుకంటే ఆ గొట్టం వెడల్పుగా, నిటారుగా ఉంటుంది. అక్కడ గుండు తేమ పీల్చుకొని ఉబ్బుతుంది.

మేము ఎక్కువగా బాధపడేది ఆలస్యంగా తెచ్చిన పిల్లలను చూసి. బిడ్డ తింటూ ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై దగ్గుతాడు. కొద్దిసేపటికి దగ్గు తగ్గుతుంది. పొలమారిందిలే, సర్దుకుంది అనుకుంటారు. మర్నాటి నుండి పిల్లికూతలు, తగ్గని దగ్గు, జ్వరం. జలుబు మందులు వాడుతూ రోజులు గడుపుతారు. వేరుశనగ గుండు మామూలుగా ఎక్స్‌రేలో కనిపించదు. కాబట్టి ఆ రోజు వేరుశనగ తిన్నాడు, ఉక్కిరిబిక్కిరయ్యాడు అన్న మాట మీరు చెబితేనే డాక్టరుకు దారి దొరుకుతుంది. దగ్గు ఆగినా సరే అదే రోజు తీసుకురండి.

బిడ్డ గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక, ముఖం నీలంగా మారితే వెంటనే ముందుకు వంచి రెండు భుజపు ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచండి. రాకపోతే, ఏడాది దాటిన బిడ్డకు వెనుక నుండి చేతులు చుట్టి, బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి 5 సార్లు నొక్కండి. ఏడాదిలోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు. మీ ముంజేతిపై తల క్రిందికి ఉండేలా బోర్లా పట్టుకొని వీపుపై 5 సార్లు చరచి, తరువాత వెల్లకిలా త్రిప్పి ఛాతీ మధ్య 5 సార్లు నొక్కాలి. అడ్డం తొలగేవరకు ఇలా మార్చి మార్చి చేస్తూ, మరొకరితో 108కు ఫోను చేయించండి. కనిపించని దానికోసం వేలు పెట్టి గొంతులో వెతకవద్దు, ఇంకా లోపలికి పోతుంది.

వేరుశనగే చెడ్డదని మా ఉద్దేశం కాదు. ఇంగ్లండులో జరిగి 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు తొలి ఏడాదిలోనే మెత్తని రూపంలో వేరుశనగ అలవాటు చేస్తే వేరుశనగ ఎలర్జీ బాగా తగ్గిందని తేలింది. అయితే ఒంటి మీద తీవ్రమైన గజ్జి లాంటి ఎగ్జిమా గాని, గ్రుడ్డు ఎలర్జీ గాని ఉన్న బిడ్డకు ముందు డాక్టరుగారిని అడగాలి. మిగిలిన చిన్నపిల్లలకు వేయించిన గుళ్ళను పలుకు లేకుండా మెత్తగా పొడి చేసి, అరటిపండు గుజ్జులో కలిపి పెట్టండి. పండుగ పూట వారికీ ఒక వంతు ఉంటుంది.

పంచేటప్పుడు, దాచేటప్పుడు

పొట్లం మీద చేసిన తేదీ, “వేరుశనగ ఉంది” అన్న మాట, “ఐదేళ్ళలోపు పిల్లలకు వద్దు” అన్న మాట వ్రాయండి. తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే అది ఎలర్జీ కావచ్చు, క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి రావాలి. బిళ్ళలను పొడి డబ్బాలో, చల్లని చోట ఉంచితే రెండు వారాలు బాగుంటాయి. పైన తెల్లని పొర వస్తే భయం లేదు, అది కొవ్వు పైకి తేలడమే. బూజు వాసన వస్తే మాత్రం పారవేయాలి.

ఈ మిఠాయితో పాటు ఇంట్లో చిక్కీ, అరిసెలు కూడా చేసుకుంటారు, మాకు తెలుసు. పాకం పట్టే పొయ్యి దగ్గరకు పిల్లలను రానివ్వకండి. ఒకవేళ పాకం పడితే వెంటనే ధారగా పడే చల్లని కుళాయి నీళ్ళ క్రింద 20 నిమిషాలు ఉంచండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసివేయండి. అంటుకున్న పాకాన్ని పీకవద్దు. ఐసు, పసుపు, టూత్‌పేస్టు, సిరా, పిండి ఏవీ రాయవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి.

పండుగ రోజున కూడా మా క్యాజువాలిటీలో నర్సులు డ్యూటీలోనే ఉంటారు. అవసరమైతే మొహమాటపడకుండా రండి. అవసరం రాకుండా అందరూ ఇంట్లోనే కలిసి కూర్చొని మిఠాయి పంచుకోవాలని మా కోరిక. మీకందరికీ నర్సింగ్ విభాగం తరపున క్రిస్మస్, నూతన సంవత్సర శుభాకాంక్షలు.

– నర్సింగ్ సూపరింటెండెంట్