నేరం రక్తంలో ఉంటుందా?

మామిడి టెంక పాతితే మామిడి మొక్కే మొలుస్తుంది. మరి దొంగకు పుట్టిన బిడ్డ దొంగే అవుతాడా?

అవుతాడనే నమ్మకంతో మన దేశంలో ఒక చట్టమే ఉండేది. అది 1871లో బ్రిటిషు ప్రభుత్వం చేసిన నేరస్థ తెగల చట్టం. 1911లో దానిని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. పట్టికకెక్కిన తెగలో పుడితే చాలు, ఏ తప్పూ చేయకపోయినా అనుమానితుడే! బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం, ఈ చట్టం కింద ఎరుకలవారిని ఉంచడానికి ఏర్పరచిన సెటిల్‌మెంటే.

ఈ నమ్మకం నిజమో కాదో తేల్చడం ఎలా? తల్లిదండ్రులు పిల్లలకు రెండు ఇస్తారు: జన్యువులు, పెరిగే ఇల్లు. రెండూ ఒకరి నుంచే వస్తే దేని ప్రభావం ఎంతో చెప్పలేం. దత్తత వెళ్లిన పిల్లల్లో మాత్రం ఇవి విడిపోతాయి. జన్యువులు కన్నవారివి, ఇల్లు పెంచినవారిది.

అందుకే శాస్త్రజ్ఞులు డెన్మార్కులో 14,427 దత్తతల రికార్డులను కోర్టు రికార్డులతో పోల్చి, 1984లో ఫలితాలు ప్రకటించారు. కన్నవారికీ, పెంచినవారికీ శిక్షలు లేనప్పుడు కొడుకుల్లో నూటికి 13.5 మందికి శిక్ష పడింది. పెంచినవారికి మాత్రమే శిక్ష పడి ఉంటే 14.7, కన్నవారికి మాత్రమే అయితే 20, ఇరువురికీ అయితే 24.5.

అంటే పుట్టుకకు కొంత ప్రభావం ఉన్నట్టే. కాని రెండో వైపు కూడా చూడండి. కన్నవారు శిక్ష పొందినా నూటికి 80 మంది కొడుకులకు ఏ శిక్షా పడలేదు! పైగా ఈ సంబంధం కనిపించింది దొంగతనం వంటి ఆస్తి నేరాల్లోనే. కొట్లాట, హత్య వంటి వాటిలో కనిపించలేదు. పెంచినవారి ప్రభావం తక్కువగా కనిపించిందని ఇంటికి విలువ లేదనుకోకూడదు. దత్తత ఇచ్చేటప్పుడు మంచి ఇళ్లనే ఏరి ఇస్తారు కదా!

"దొంగతనపు జన్యువు" అంటూ ఏదీ లేదు. ఏది నేరమో నిర్ణయించేది మనుషులు రాసిన చట్టం. జన్యువులు తొందరపాటు, దుడుకుతనం వంటి స్వభావాలపై కొంత ప్రభావం చూపవచ్చు. ఆ స్వభావం ఏ దారి పడుతుందనేది తిండి, చదువు, పని, స్నేహాలను బట్టి కూడా ఉంటుంది.

ఎరుకలవారిలో అనేకులు పూర్వం పశువుల మీద ఉప్పు, ధాన్యం ఊరూరా చేరవేసి బతికేవారు. రైళ్లు వచ్చాక ఆ వర్తకం దెబ్బతిన్నది. చట్టం వారి పుట్టుకను చూసిందే గాని, పోయిన బతుకుతెరువును చూడలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది.

మీ తరగతిలో ఎవరినైనా "వాళ్ల వంశమే అంత" అని వెక్కిరిస్తే, నూటికి ఆ 80 మంది సంగతి చెప్పండి.