క్లబ్బు పాట నుంచి సినిమా దాకా: ఒక ర్యాపర్ ప్రయాణం

ఈ పూట నేను మాట్లాడబోయే విషయం వింటే కొందరు పెద్దలకు రేడియో కట్టేయాలనిపించవచ్చు. విషయం ర్యాప్ పాటలు, క్లబ్బు సంగీతం. కాస్త ఓపిక పట్టండి. ఇందులో మన పిల్లల చదువు సంగతీ ఉంది, మన భాష సంగతీ ఉంది.

నేను ఉద్యోగరీత్యా క్లాంగ్‌లో ఉంటున్న ఐటీ కన్సల్టెంటుని. మా వీధిలో ఒక తెలుగు కుటుంబం ఉంది. వాళ్ళ పెద్దలు విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. ఆ ఇంటి కుర్రాడికి పద్దెనిమిదేళ్ళు. మామ్మతో తెలుగు మాట్లాడతాడు, స్నేహితులతో తమిళం, బయట మలయ్, ఇంగ్లీషు. రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని తమిళంలో ర్యాప్ పాటలు కడతాడు. ఈ మధ్య ఒకరోజు "ఇంక చదవను, పాటలే నా బతుకు" అన్నాడట. వాళ్ళ నాన్నగారు నా దగ్గరికి వచ్చి, "మీరు చదువుకున్నవారు, వాడికి కొంచెం చెప్పండి సార్" అన్నారు.

చెప్పే ముందు నేను కాస్త తెలుసుకోవాలి కదా! అలా తెలుసుకున్న సంగతులే ఇవి.

తమిళ ర్యాప్‌కు పెద్ద పేరు తెచ్చింది మద్రాసు కాదు, మన మలేషియానే. యోగి బి అనే ఇక్కడి గాయకుడు మొదట పొయెటిక్ ఆమో అనే బృందంలో ఇంగ్లీషు ర్యాప్ పాడేవాడు. 2006లో నచ్చత్ర బృందంతో కలిసి 'వల్లవన్' అనే తమిళ ఆల్బమ్ తెచ్చాడు. 1980లో వచ్చిన 'నిళల్‌గళ్' సినిమాలోని ఇళయరాజా పాటను తీసుకుని దానికి కొత్త దరువు కట్టి, మధ్యలో ర్యాప్ పెట్టాడు. అది ఇక్కడి నుంచి తమిళనాడుకు పాకింది. మరుసటి ఏడే తమిళ సినిమా వాళ్ళు అతన్ని పిలిచి పాడించుకున్నారు.

ఆ గాలి సోకినవాళ్ళలో కోయంబత్తూరు కుర్రాడు ఆది ఒకడు. స్నేహితుడు జీవాతో కలిసి 'హిప్‌హాప్ తమిళా' అని పేరు పెట్టుకున్నాడు. 2011లో వీళ్ళ 'క్లబ్ లే మబ్బు లే' అనే పాట ఇంటర్నెట్‌లో దావానలంలా వ్యాపించింది. నేనప్పుడు చెన్నైలో ఎం.సి.ఏ. చదువుతున్నాను, మా హాస్టల్లో ఏ గది ముందు నుంచి వెళ్ళినా అదే పాట. మబ్బు అంటే మనకు మేఘం, అక్కడి వాడుకలో మత్తు. క్లబ్బులో తాగి ఊగేవాళ్ళను వెక్కిరించే పాట అది. ముఖ్యంగా అమ్మాయిలనే తప్పు పట్టిందని విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో న్యాయం ఉందనే నేనూ అనుకుంటాను. కానీ తల్లిభాషలో ర్యాప్ పాడినా జనం వింటారని ఆ పాట రుజువు చేసింది.

ఆ తరువాతి మెట్లు చూడండి. 2012లో 'హిప్‌హాప్ తమిళన్' ఆల్బమ్. 2015లో 'ఆంబళ' సినిమాకు సంగీతం, అదే ఏడు 'తని ఒరువన్'. ఆ సినిమానే 2016లో రామ్‌చరణ్‌తో తెలుగులో 'ధృవ'గా తీశారు, సంగీతం వీళ్ళదే. 2018లో నాని 'కృష్ణార్జున యుద్ధం' కూడా వీళ్ళదే. అంటే మన ఇళ్ళలో ఇతని పాటలు తెలియకుండానే మోగాయన్నమాట. 2017లో ఆది 'మీసయ మురుక్కు' సినిమాకు దర్శకత్వం వహించి, తానే హీరోగా నటించాడు. సంగీతమే కావాలనే కొడుకు, బతుకుతెరువు గురించి బెంగపడే ఇల్లు, చాలావరకు తన కథే. తరువాత 2021లో 'శివకుమారిన్ శబదం', 2024లో 'కడైసి ఉలగ పోర్' తీశాడు. నాకు వీటన్నిటికంటే నచ్చింది 2019లో వీళ్ళు నిర్మించిన 'తమిళి' అనే డాక్యుమెంటరీ. అది తమిళ లిపి పుట్టుక గురించి! క్లబ్బు పాటతో మొదలైనవాడు శాసనాల దాకా వెళ్ళాడు.

ఇంకొక సంగతి. ఈ మనిషి ఇంజనీరింగు చదివాడు, ఎం.బి.ఏ. చేశాడు, ఆ తరువాత పీహెచ్‌డీ కూడా చేశాడు. చదువు మానితేనే పాట వస్తుందన్న మాట ఈ కథలో ఎక్కడా లేదు.

ఇక ర్యాప్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు. క్లబ్బు సంగీతానికి సుమారుగా నిమిషానికి 120 నుంచి 130 దెబ్బలు పడతాయి. మామూలు హిప్‌హాప్ ఇంకా నిదానం, 90కి అటూ ఇటూ. ఆ దెబ్బల మధ్య మాటలను పేర్చడమే ర్యాప్. బుర్రకథలో కథకుడు వేగం పెంచినప్పుడు, మన ఉత్తరాంధ్ర జముకుల కథలో దరువు ఉరికినప్పుడు జరిగేది దాదాపు ఇదే.

ప్రాస దగ్గర మాత్రం తేడా ఉంది. మన పద్యాల్లో ప్రాస పాదం మొదట్లో, రెండో అక్షరానికి వస్తుంది. ర్యాప్‌లో ఎక్కువగా వాక్యం చివర వస్తుంది. తెలుగులో చివరి ప్రాస మరీ తేలిక: వచ్చాడు, పోయాడు, తిన్నాడు అంటే చాలు, కలిసిపోతుంది. అందుకే వినగా వినగా చప్పగా ఉంటుంది. పాత పద్ధతిలో రెండో అక్షరాన్ని కూడా కలిపితే దెబ్బ గట్టిగా పడుతుంది. హైదరాబాదులో నోయల్, రోల్ రైడా వంటివాళ్ళు తెలుగులో ర్యాప్ పాడుతూనే ఉన్నారు, కనుక అసాధ్యమేమీ కాదు.

ఇదంతా ఒక ఆదివారం ఆ అబ్బాయితో చెప్పాను. మౌనంగా విని, "అన్నా, నాకు తెలుగు చదవడం రాదు. మా మామ్మ మాటలు తప్ప నా దగ్గర ఏమున్నాయి?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నా దగ్గర జవాబు లేకపోయింది. "ఆ మాటలతోనే రాయి" అని మాత్రం అన్నాను.

పోయిన వారం పిలిచి వినిపించాడు. నాలుగే నాలుగు చరణాలు, రబ్బరు పాలు గీయడానికి చీకటితో లేచి వెళ్ళే ఒక అమ్మాయి గురించి. మామ్మ పక్కనే కూర్చుని వింది. "ఒరే, ఇది మా అమ్మ మాట తీరులా ఉందిరా" అని కళ్ళు తుడుచుకుంది. అబ్బాయి కాలేజీ దరఖాస్తు నింపాడు. పాటలు మానలేదు. వాళ్ళ నాన్నగారికి ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు, కానీ రాత్రిపూట స్పీకరు తగ్గించమనడం మానేశారట.

మీ ఇంట్లోనూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న పిల్లలు ఉండే ఉంటారు. ఒకసారి పక్కన కూర్చుని, ఏం వింటున్నావని అడగండి. ఆ తరువాత మీ ఇంటి పెద్దల మాట ఒకటి వాళ్ళకు ఇవ్వండి, దరువు వాళ్ళే వేసుకుంటారు.