చంద్రముఖి ఎవరి బొమ్మ? దయ్యం సినిమాల రీమేకులపై అపోహలు – వాస్తవాలు

చంద్రముఖి కథలా ఇన్ని భాషలు తిరిగిన దయ్యం కథ మన దేశంలో అరుదు. అది మలయాళంలో పుట్టింది. కన్నడం, తమిళం, బెంగాలీ, హిందీల్లో రీమేకైంది. తెలుగులోకి మాత్రం మొదట డబ్బింగ్ బొమ్మగా వచ్చింది. ఒక్కో భాషలో ఒక్కో పేరు, ఒక్కో హీరో కావడంతో ఏది మాతృకో, ఏది రీమేకో, ఏది సీక్వెలో కలగాపులగమైపోయింది. అసలు సినిమాకూ రీమేకుకూ మధ్య నిజంగా మారినదేమిటన్న ప్రశ్న ఆ గందరగోళంలో మరుగున పడింది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల సినిమా మనుషులకు రీమేకులతోనూ, దయ్యం కథలతోనూ పాత అనుబంధమే ఉంది గనుక వాళ్ల ప్రస్తావన కూడా అక్కడక్కడా వస్తుంది.

అపోహ: రజనీకాంత్ ‘చంద్రముఖి’యే అసలు సినిమా.

మాతృక 1993 డిసెంబరులో విడుదలైన మలయాళ చిత్రం ‘మణిచిత్రత్తాళు’. రచన మధు ముట్టం, దర్శకత్వం ఫాజిల్. మోహన్‌లాల్, సురేశ్ గోపి, శోభన ముఖ్య పాత్రధారులు. దాన్ని పి. వాసు 2004లో కన్నడంలో విష్ణువర్ధన్, సౌందర్యలతో ‘ఆప్తమిత్ర’గా తీశారు. మరుసటి ఏడాది ఆయనే తమిళంలో ‘చంద్రముఖి’ తీశారు. అంటే తమిళ బొమ్మ మాతృకకూ, కన్నడ రీమేకుకూ తరువాతిది. తెలుగువాళ్లు చూసింది దాని డబ్బింగ్. 2007లో ప్రియదర్శన్ హిందీలో ‘భూల్ భులయ్యా’ తీశారు. మలయాళ మాతృకలో కొన్ని భాగాల చిత్రీకరణకు ఫాజిల్‌కు సాయపడినవారిలో ఆయన కూడా ఒకరు.

అపోహ: వెంకటేశ్ ‘నాగవల్లి’ చంద్రముఖికి రీమేక్.

కాదు. 2010 ఫిబ్రవరిలో కన్నడంలో ‘ఆప్తరక్షక’ వచ్చింది. అది ఆప్తమిత్రకు కొనసాగింపు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ‘నాగవల్లి’ దానికి తెలుగు రీమేక్. అయితే తెలుగువాళ్లు చూసిన మొదటి భాగం చంద్రముఖి కాబట్టి, కథను దానికి కొనసాగింపుగా ముడిపెట్టారు. కన్నడ సినిమాకు రీమేక్, తమిళ సినిమాకు సీక్వెల్, భాష తెలుగు! జనం తికమకపడటంలో వాళ్ల తప్పేమీ లేదు.

అపోహ: కథ ఒకటే కాబట్టి అన్నిటిలోనూ దయ్యం ఒకటే.

అసలు సంగతి ఇక్కడే ఉంది. మాతృకలో దయ్యమే లేదు. తల్లిదండ్రులు కలకత్తాలో ఉండగా పల్లెలో ముసలి అవ్వ దగ్గర ఒంటరిగా పెరిగిన గంగ, పెళ్లయ్యాక భర్త నకులన్ పూర్వీకుల మేడకు వస్తుంది. అక్కడ తాళం వేసి ఉన్న గది గురించీ, అందులో ప్రాణం పోగొట్టుకున్న నాగవల్లి అనే నాట్యకత్తె గురించీ వింటుంది. విన్న కథ ఆమె మనసులో వేళ్లూనుకుని, చివరికి ఆమే నాగవల్లిననుకునే దాకా వెళుతుంది. వైద్యుడు సన్నీ దాన్ని మనోవ్యాధిగా గుర్తిస్తాడు. మంత్రాలూ తంత్రాలూ కనిపించినా, అవి చికిత్సలో వాడుకున్న సరంజామా మాత్రమే.

మంచం సన్నివేశం చూస్తే ఈ పద్ధతి అర్థమవుతుంది. ఇంటి అమ్మాయి అల్లితో నగలు కొనడానికి వెళతానని గంగ ముస్తాబై వస్తుంది. ఇప్పుడు వద్దంటాడు భర్త. అదొక మామూలు ఇంటి మాట, ఏ ఇంట్లోనైనా వినిపించేదే. కాని ఆ ఒక్క ‘వద్దు’తో ఆమె చూపు మారుతుంది, గొంతు మారుతుంది, మాట తమిళంలోకి దొర్లుతుంది. ఒంటి చేత్తో మంచాన్ని ఎత్తేస్తుంది. మరుక్షణం మళ్లీ మామూలు గంగ, ఏం జరిగిందో ఆమెకే తెలియదు. తెరమీద పొగ లేదు, రక్తం లేదు, ఎగిరొచ్చే తెల్లచీర లేదు. ఇన్నాళ్లూ కాపురం చేసిన భార్యను భర్త గుర్తుపట్టలేకపోవడమే అక్కడి భయం. రీమేకులు ఈ సన్నివేశాన్ని వదల్లేదు. తమిళంలో జ్యోతిక కూడా మంచం ఎత్తింది, హిందీలో విద్యాబాలన్ కూడా ఎత్తింది.

మార్పు చుట్టుపక్కల జరిగింది. మాతృకలో సన్నీ కథ సగానికి దగ్గరపడ్డాక గాని రాడు. అప్పటిదాకా ప్రేక్షకుడు ఆ ఇంట్లో ఒంటరిగా, ఏ రక్షకుడూ లేకుండా తిరగాలి. చంద్రముఖిలో రజనీకాంత్ ఫైటుతో, పాటతో మొదట్లోనే దిగుతాడు. ఆయన ఉన్నాడన్న ధీమాతో భయం సగం తగ్గిపోతుంది, వినోదం ఆ మేరకు పెరుగుతుంది. ఇది తప్పని చెప్పడానికి లేదు. చెన్నై శాంతి థియేటర్లో ఏళ్ల తరబడి ఆడిన సినిమా అది. కాని భయం విషయానికొస్తే మాతృకదే పైచేయి.

రెండో మార్పు ఇంకా పెద్దది. నాట్యకత్తెను బలిగొన్న పెత్తందారు మాతృకలో వెనక కథలోని మనిషే తప్ప హీరో వేషం కాదు. వాసు ఆ పాత్రను రాజుగా మార్చి హీరోకే ఇచ్చారు. విష్ణువర్ధన్, రజనీకాంత్ ఇటు వైద్యుడిగా, అటు క్రూరుడైన రాజుగా కనిపించారు. జనం ఆ రాజుకే ఈలలు వేశారు. దాంతో తరువాతి భాగాలు ఆ రాజు చుట్టూ తిరిగాయి. నాగవల్లిలో వెంకటేశ్ వైద్యుడు విజయ్‌గా, రాజు నాగభైరవుడిగా రెండు పాత్రలు వేశారు. మనోవ్యాధితో మొదలైన కథ ఈ దారిలో నడిచి నడిచి నిజం దయ్యాల దాకా చేరింది. 2022 నాటి ‘భూల్ భులయ్యా 2’లో దయ్యం ఉత్తుత్తి దయ్యం కాదు, నిజం దయ్యమే. మొదటి కథ ఏది కాదని చెప్పిందో, దాని మనవరాలు అదే అవునంది.

అపోహ: నాట్యకత్తె ఏ భాష మాట్లాడినా ఒకటే.

ఈ కథలో భయానికి తాళంచెవి భాష. ఆ ఇంటి భాష కాని భాష నాట్యకత్తె నోట రావాలి. మలయాళ మాతృకలో నాగవల్లి తంజావూరు తమిళ స్త్రీ. కన్నడ ఆప్తమిత్రలో ఆమె తెలుగు మాట్లాడుతుంది. తమిళ చంద్రముఖిలోనూ నాట్యకత్తె తెలుగు మనిషే. ‘రారా’ పాట తమిళ సినిమాలోనే తెలుగులో ఉంది. హిందీలో మంజులిక బెంగాలీ స్త్రీ.

తెలుగు డబ్బింగ్‌కు వచ్చేసరికి చిక్కొచ్చిపడింది. తెలుగింట్లో తెలుగు పాట పాడితే ఎవరు ఉలిక్కిపడతారు? అందుకే తెలుగు ప్రతిలో ఆ పాట ‘వారాయ్’ అంటూ తమిళమైంది. తమిళ ప్రేక్షకుడికి తెలుగు, తెలుగు ప్రేక్షకుడికి తమిళం! పక్కింటి భాష అర్థమయీ కానట్టు చెవిన పడటంలో ఉన్న గుబులు ఏ మేకప్పుతోనూ రాదు. డబ్బింగ్ అంటే పెదాలకు మాటలు అతికించడమేనని అనుకునేవాళ్లు ఈ ఒక్క మార్పు గమనిస్తే చాలు.

గొంతు గురించే మరో పొరపాటు చాలాకాలం నడిచింది. మాతృకలో శోభనకు డబ్బింగ్ చెప్పింది భాగ్యలక్ష్మి ఒక్కరేనని మలయాళీలే నమ్మారు. నాగవల్లిగా మారినప్పుడు వినిపించే తమిళ గొంతు దుర్గ అనే డబ్బింగ్ కళాకారిణిదని 2016లో ఫాజిల్ వెల్లడించారు. ఆ పాత్రకు శోభన జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకుంది. అంతకుముందు మలయాళ చిత్రం ‘తులాభారం’తో అదే గౌరవం పొందిన నటి తెనాలి శారద. ఆ సినిమా తెలుగు రీమేక్ ‘మనుషులు మారాలి’లోనూ, తమిళ, హిందీ రీమేకుల్లోనూ అదే పాత్రను శారదే వేశారు. శోభన విషయంలో అలా జరగలేదు. భాష మారినప్పుడల్లా గంగ ముఖమూ మారింది.

అపోహ: రీమేక్ అంటే మక్కీకి మక్కీ దించడం.

దించినవాళ్లూ ఉన్నారు. 1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ను 1998లో గస్ వాన్ శాంట్ దాదాపు షాటుకు షాటుగా మళ్లీ తీశారు. కొలతలన్నీ సరిపోయాయి, భయం మాత్రం రాలేదు. మంచి రీమేక్ వెనక తిరగరాత ఉంటుంది. తెలుగులో దీనికి పెద్ద ఉదాహరణ దయ్యం సినిమా కాదు, ‘గుండమ్మ కథ’. దాని మాతృక 1958 నాటి కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’. తీసింది ఎవరో కాదు, అస్థిపంజరాలను ఆడించి జానపద బ్రహ్మ అనిపించుకున్న బి. విఠలాచార్య. ఆ కథను తెలుగింటికి తగ్గట్టు మలిచింది తెనాలి చక్రపాణి. ‘చందమామ’ పత్రిక వెనకున్న మనిషి కూడా ఆయనే. తన సినిమాను తానే మరో భాషలో తీయడమూ కొత్త కాదు. రేపల్లె ప్రాంతంలోని పెదపులివర్రులో పుట్టిన కె. విశ్వనాథ్ ‘సిరిసిరిమువ్వ’ను హిందీలో ‘సర్గమ్’గా తీశారు. వాసు చంద్రముఖితో చేసింది అలాంటి పనే.

అపోహ: దయ్యం సినిమాల రీమేకులు ఈమధ్య వచ్చిన మోజు.

1964లో రాజ్ ఖోస్లా హిందీలో ‘వో కౌన్ థీ?’ తీశారు. వానరాత్రి కారులో వెళుతున్న డాక్టరుకు తెల్లచీర కట్టిన స్త్రీ ఎదురై శ్మశానం దాకా తీసుకెళుతుంది. రెండేళ్లకే అది తెలుగులో ‘ఆమె ఎవరు?’గా, తమిళంలో ‘యార్ నీ?’గా వచ్చింది. రెండు భాషల్లోనూ నాయిక జయలలితే. తెలుగులో నాయకుడు తెనాలి దగ్గర మోరంపూడి బిడ్డ జగ్గయ్య. చివరికి తేలేది ఆస్తి కోసం పన్నిన కుట్ర, దయ్యం అందులో వేషం. దయ్యం లేని దయ్యం సినిమాలకు తెలుగులో అరవై ఏళ్ల చరిత్ర ఉందన్నమాట.

అపోహ: నాగవల్లి పాత్రకు శాపం ఉంది.

ఆప్తమిత్ర విడుదలకు నాలుగు నెలల ముందు, 2004 ఏప్రిల్ 17న సౌందర్య విమాన ప్రమాదంలో మరణించింది. ఆప్తరక్షక విడుదల కాకముందే, 2009 డిసెంబరు 30న విష్ణువర్ధన్ గుండెపోటుతో పోయారు. ఈ రెండిటినీ కలిపి శాపం కథ అల్లారు. బెంగళూరు నుంచి ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన చిన్న విమానం కూలడానికీ సినిమా పాత్రకూ సంబంధం లేదు. అదే పాత్ర, దాని వారసత్వ పాత్రలు వేసిన శోభన, జ్యోతిక, విద్యాబాలన్, అనుష్క ఆ తరువాతా ఏళ్ల తరబడి నటించారు.

అపోహ: తెలుగు దయ్యం సినిమాలన్నీ ఎక్కడినుంచో తెచ్చుకున్నవే.

ఇక్కడినుంచి బయటికి వెళ్లినవీ ఉన్నాయి. 2009 నాటి ‘అరుంధతి’ 2014లో బెంగాలీలో రీమేకైంది. 2013లో వచ్చిన ‘ప్రేమకథా చిత్రమ్’ తమిళంలో ‘డార్లింగ్’ అయింది, 2017 నాటి ‘ఆనందో బ్రహ్మ’ ‘పెట్రోమాక్స్’ అయింది. బాపట్లకు చెందిన రచయిత కోన వెంకట్ ప్రమేయంతో 2014లో వచ్చిన అంజలి సినిమా ‘గీతాంజలి’ని పేరు చూసి మణిరత్నం 1989 చిత్రానికి రీమేక్ అనుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతారు. పేరు తప్ప ఆ రెండిటికీ చుట్టరికం లేదు. 2024లో వచ్చిన ‘గీతాంజలి మళ్లీ వచ్చింది’ కూడా రీమేక్ కాదు, సీక్వెల్. అదే ఏడాది ఆగస్టులో మాతృక ‘మణిచిత్రత్తాళు’ 4కె ప్రతిగా మళ్లీ థియేటర్లకు వచ్చింది. డబ్బింగ్ చంద్రముఖిని పదిసార్లు చూసినవాళ్లు దాన్ని ఒక్కసారైనా చూడాలి.