తలకు ఆరు కుట్లు... అయినా మైదానంలోనే!

జర్నైల్ సింగ్ పేరు నేటి కుర్రకారులో చాలామంది విని ఉండరు. రేడియోకు చెవి ఆనించి ఆటల కబుర్లు విన్న పెద్దవాళ్లు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే అడిగి చూడండి, కళ్లు మెరుస్తాయి. భారత ఫుట్‌బాల్‌కు పెట్టని కోటలా నిలిచిన ఈ పంజాబీ ఆటగాడు 2000 అక్టోబర్ 13న కెనడాలోని వాంకూవర్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 64. ఎక్కడి పంజాబు, ఎక్కడి మన జిల్లా అంటారేమో! ఆయన పేరు దేశమంతా మారుమోగిన రోజున వెనుక ఉండి నడిపించినది మన హైదరాబాదు బడిపంతులే మరి.

దేశ విభజన తరువాత జర్నైల్ కుటుంబం హోషియార్‌పూర్ జిల్లా పనాం గ్రామంలో స్థిరపడింది. మాహిల్‌పూర్ ఖాల్సా కాలేజీలో ఆట నేర్చి, కలకత్తా చేరి, 1959 నుంచి దాదాపు పదేళ్లు మోహన్ బగాన్ జట్టుకు ఆడారు. ఆయన స్థానం స్టాపర్. అంటే గోలీకి ముందు నడిమధ్యన నిలబడి, దూసుకొచ్చేవాణ్ణి ఆపేవాడన్నమాట. వరద రాత్రి చెరువుకట్ట మీద కాపలా కాసే రైతు పని వంటిదది. కట్ట నిలిస్తే ఎవరూ తలవరు, తెగితే మాత్రం ఊరంతా తిడుతుంది! భారీ విగ్రహం, మొరటు ఆట. ఆయనతో ఢీకొనడానికి పెద్దపెద్ద ఫార్వర్డులే జంకేవారు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడల సంగతి. తొలి మ్యాచ్‌లోనే మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తరువాత థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచారు గాని, ఆ ఆటలో జర్నైల్ తల పగిలింది. ఆరు కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2-0 గెలుపుతో సెమీఫైనల్ దక్కింది. స్టాపర్ అన్నవాడు గంటన్నర సేపు బంతిని తలతో కొడుతూనే ఉండాలి. కుట్లు వేసిన తలతో అదెలా కుదురుతుంది?

కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వేసిన ఎత్తు అప్పుడే. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన మాస్టారాయన. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు రోవర్స్ కప్పులు తెచ్చిపెట్టిన ఘనుడు. జర్నైల్‌ను ఇంటికి పంపలేదు, బెంచీ మీద కూర్చోబెట్టనూ లేదు. కట్టు కట్టించి ముందువరుసలోకి, ఫార్వర్డ్‌గా పంపారు. కాలేజీ రోజుల్లో జర్నైల్ ఆడింది ఆ స్థానంలోనే అంటారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచాం. అందులో జర్నైల్ గోలు ఒకటి.

నేడైతే తలకు అంత దెబ్బ తగిలినవాణ్ణి డాక్టర్లు మైదానంలోకి అడుగుపెట్టనివ్వరు. అదే మంచిది కూడా. మన కుర్రాళ్లు ఈ సాహసానికి దిగవలసిన పనిలేదు. ఆనాడు ఆట నడుమ గాయపడితే ఒకరి బదులు మరొకరిని దించే వీలు సైతం లేదు.

సెప్టెంబర్ 4న ఫైనల్. ప్రత్యర్థి మళ్లీ ఆ కొరియాయే. దానికి తోడు స్టేడియం యావత్తూ మనకు ఎదురు తిరిగింది. తైవాన్, ఇజ్రాయెల్ ఆటగాళ్లను రానివ్వని ఈ పోటీలను ఆసియా క్రీడలు అనరాదని భారతీయుడైన సోంధీ పట్టుబట్టడంతో అక్కడి జనం మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. తలపాగాలు కనబడితే రాళ్లు పడతాయని జట్టు బస్సులో సిక్కు ఆటగాళ్లు కింద కూర్చుని వెళ్లారని చెబుతారు. అంతటి గేలిలోనూ 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోళ్లు కొట్టారు. చివరి అయిదు నిమిషాల్లో కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది గాని, 2-1తో బంగారు పతకం మనదే! ఆ జట్టులో మన సికింద్రాబాదు తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ కూడా ఉన్నారు.

అప్పటికే రహీం సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. ఫైనల్ ముందు రాత్రి కుర్రాళ్లను పిలిచి, నాకు ఒకే ఒక్క కానుక కావాలి, రేపటి పతకం అని అడిగారట. 1963 జూన్ 11న ఆయన పోయారు. ఆయన కథతో వచ్చిన 2024 నాటి హిందీ సినిమా ‘మైదాన్’ చూసినవారికి ఆ తలకట్టు సర్దార్ గుర్తుండే ఉంటాడు.

జర్నైల్‌కు 1964లో అర్జున అవార్డు వచ్చింది. 1965 నుంచి 67 వరకు భారత జట్టుకు కెప్టెన్. ఆట మానాక సొంత రాష్ట్రంలో క్రీడాశాఖలో పనిచేశారు. బలరాం కూడా 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో వెళ్లిపోయారు. జకార్తా తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం ఒక్కటి దక్కింది.