కారు నుదుటి బిళ్ల

ఇరవయ్యవ శతాబ్దపు తొలి మూడు దశాబ్దాలలో అమెరికాలో మోటారు కార్లు తయారుచేసిన సంస్థలు వందల సంఖ్యలో ఉండేవి. డెట్రాయిట్ నగరమే కాదు, ఇండియానాపొలిస్, క్లీవ్‌లాండ్, సెయింట్ లూయిస్, చివరకు విస్కాన్సిన్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ వంటి చిన్న పట్టణం సైతం తన సొంత కారును వీధిలోకి పంపినవే. ఈ సంస్థలలో పెక్కు ఇంజనును స్వయంగా తయారుచేసుకొన్నవి కావు. కాంటినెంటల్ కంపెనీ ఇంజను, టింకెన్ ఇరుసులు, మరొకరి గేరుపెట్టె కొని తెచ్చి, కూర్చి, తమ పేరు తగిలించి అమ్మేవి. అందుచేత బానెట్టు ఎత్తి చూస్తే వేర్వేరు కంపెనీల బండ్లు ఏకోదరుల వలె కనిపించేవి. వాటిని వేరుచేసి చెప్పేది రేడియేటరు నుదుట అమర్చిన చిన్న లోహపు బిళ్ల. కలెక్టరు కచేరీలో డవాలీ బంట్రోతుకు ఇత్తడి బిళ్ల ఎటువంటిదో, ఈ కార్లకు ఇదీ అటువంటిదే. 1929 నాటి ఆర్థిక పతనం తర్వాత చిన్న కంపెనీలు వరుసగా మూతబడ్డాయి. బండ్లు తుక్కుగా కరిగిపోయాయి. బిళ్లలు మాత్రం చాలా మిగిలాయి.

అవి మిగలడమే కాదు, వాటి రంగులు నేటికీ వెలవెలబోలేదు. కారణం సులభం: ఆ రంగు పెయింటు కాదు, గాజు. మన నగలపై చేసే మీనాపనికి ఇది స్వయానా తోబుట్టువు. రాగి మిశ్రమలోహపు రేకును ఉక్కు అచ్చుతో మొత్తగా అక్షరాలు, గీతలు ఉబ్బెత్తుగాను, తక్కిన భాగం పల్లంగాను ఏర్పడతాయి. రంగుగాజును మెత్తగా నూరి, తడిపి, ఆ పల్లాలలో నింపి, ఆరబెట్టి, సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు కొలిమిలో కొద్ది నిమిషాలు ఉంచితే అది కరిగి లోహాన్ని అంటిపెట్టుకొంటుంది. పిమ్మట సానబట్టి, మెరుపు కోసం మరల ఒకసారి కాల్చి, బయటికి కనిపించే లోహానికి బంగారమో, వెండియో, నికెలో పూత పూస్తారు. చల్లారేటప్పుడు గాజు, లోహము ఇంచుమించు ఒకే పాళ్లలో ముడుచుకోవాలి. లేకున్న గాజు బీటలు వారుతుంది. అందుకే గాజులో సీసము, క్షారాలు తూచి కలిపేవారు. కొన్ని బిళ్లలకు వెనుకవైపు కూడా గాజుపూత కనిపిస్తుంది. అది అలంకారం కాదు, రేకు వంగిపోకుండా చేసిన ఏర్పాటు.

రంగులన్నీ లోహాల చలవే. నీలానికి కోబాల్టు ఆక్సైడు, అదీ నూటికి ఒక పాలు కూడా అక్కరలేదు. తెలుపునకు తగరపు ఆక్సైడు, ఆకుపచ్చకు రాగి. పారదర్శకమైన కెంపువన్నెకు సాక్షాత్తు బంగారమే, కంటికి కానరాని సూక్ష్మకణాల రూపంలో. ఎరుపు మహా పేచీకోరు. కొలిమి వేడి కాస్త మించిందా, గోధుమరంగుకు తిరుగుతుంది. నిండైన ఎరుపు నున్నగా నిలిచిన పాత బిళ్లను చూసినప్పుడు ఆ పనివాని చేతిని మెచ్చుకోకుండా ఉండలేము.

ఇక గుర్తింపు సంగతి. కొత్తవారు సాధారణంగా తడబడేది బిళ్ల వెనుకవైపు. అక్కడ ముద్రించిన పేరు కారు కంపెనీదే అనుకొంటారు. ఒహాయోలోని కొలంబస్‌లో డి. ఎల్. ఆల్డ్ కంపెనీ, న్యూయార్క్ రాష్ట్రపు రాచెస్టర్‌లో బాస్టియన్ బ్రదర్స్ వంటివి బిళ్లలు చేసిచ్చిన సంస్థలే తప్ప కార్లు చేసినవి కావు. ముందువైపు అక్షరాలు కూడా పొడుపుకథలే. రియో అనేది రాన్సమ్ ఈలై ఓల్డ్స్ పేరులోని తొలి అక్షరాల కూర్పు. తాను స్థాపించిన ఓల్డ్స్‌మొబైల్‌ను 1904లో వదలి ఆయన పెట్టిన కంపెనీ అది. ఇ.ఎం.ఎఫ్. అంటే ఎవరిట్, మెట్జ్‌గర్, ఫ్లాండర్స్ అనే ముగ్గురు భాగస్వాములు. అయితే, ఆ మూడక్షరాలకు ‘రోజూ పొద్దున్నే బాగుచేసుకో’ అనే అర్థం వచ్చేలా గిట్టనివారు వేరే మాటలు అల్లారు.

అరుదైన బిళ్లకు వెల ఎక్కువ గనుక నకళ్లు కూడా పుట్టుకొచ్చాయి. అనేక నకళ్లలో గాజుకు బదులు ఎపాక్సీ రెసిన్ ఉంటుంది. ఎపాక్సీ బజారుకు వచ్చింది 1940ల చివర. కనుక 1915 నాటి బిళ్ల అని చెప్పి అందులో రెసిన్ ఉంటే వేరే సాక్ష్యం అవసరం లేదు. గాజు పెచ్చు ఊడితే గుంట ఆల్చిప్ప ఆకారంలో మెరుస్తుంది. రెసిన్ సూదిమొనకు లొంగుతుంది. ఇంకా అనుమానముంటే ఎక్స్-కిరణ ప్రతిదీప్తి పరికరం రవ్వంత కూడా గీరకుండానే సీసము, తగరము, కోబాల్టు ఉన్నదీ లేనిదీ చెబుతుంది. లోహపు పూత కూడా కాలాన్ని పట్టిస్తుంది. నికెల్ మెరుపులో లేత పసుపు ఛాయ, క్రోమియంలో నీలి ఛాయ ఉంటాయి. క్రోమియం పూత కార్లకు వచ్చింది 1920ల నడుమ నుంచే.

ఇంత చేసినా బిళ్ల ఒక్కొక్కప్పుడు సగమే చెబుతుంది. సెయింట్ లూయిస్‌లోని మూన్ కంపెనీ బిళ్లపై నెలవంక ఉండేది. నిజానికి మూన్ అన్నది ఆకాశంలోని చందమామ కాదు. 1905లో కార్ల తయారీ మొదలుపెట్టిన జోసెఫ్ మూన్ ఇంటిపేరు. అంతకుముందు ఆయన గుర్రపు బగ్గీలు చేసేవాడు. ఇంటిపేరును పట్టుకొని కంపెనీవారు చంద్రుని దాకా వెళ్లారు. 1925లో అనుబంధ సంస్థ పెట్టి, రోమనుల చంద్రదేవత పేరిట డయానా కారు తెచ్చారు. దాని రేడియేటరు బెల్జియం దేశపు మినర్వా కారును చూసి తీర్చినది. 1929లో విండ్సర్ అని మరొక పేరు వచ్చింది. 1930లో అదే కర్మాగారంలో, ముందుచక్రాలతో నడిచే రక్స్‌టన్ కారు తయారైంది. పెట్టుబడి పెడతాడన్న ఆశతో విలియం రక్స్‌టన్ అనే ధనికుని పేరు దానికి పెట్టారు. ఆయన మాత్రం సొమ్ము పెట్టలేదు. దాని చిహ్నం గద్దతల, సింహపు ఒడలు గల గ్రిఫిన్. నాలుగు పేర్లు, నాలుగు చిహ్నాలు, కర్మాగారం ఒక్కటే. పైగా రక్స్‌టన్‌లు కొన్ని హార్ట్‌ఫర్డ్‌లోని కిసెల్ కర్మాగారంలోనూ తయారయ్యాయి. గ్రిఫిన్ బిళ్లను ఎంత పరీక్షించినా ఆ బండి మిస్సోరీదో విస్కాన్సిన్‌దో తేలదు. దానికి బిళ్లను పక్కనబెట్టి, చట్రం సంఖ్యలు, మిగిలిన పాత కాగితాలు వెదకవలసిందే.