సంతకం దొరుకుతుంది, పని దొరకదు

పశ్చిమ ప్రకాశంలో పదహారేళ్ల పిల్లలకు పని దొరకదంటే ఎవరూ నమ్మరు. మిరప కోతలప్పుడు గుంటూరు వైపు పోయే ఆటోల్లో వాళ్లే ఉంటారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కట్టడాల పనికి వలస పోయిన అమ్మానాన్నల పక్కన తట్ట ఎత్తేదీ వాళ్లే. కూలికి కొదవ లేదు. కొదవ వేరే చోట ఉంది. ఒకేషనల్ ఇంటర్ చదివే పిల్లలు చదువులో భాగంగా ఏదో ఒక చోట కుదురుకుని, పని తెలిసిన మనిషి కింద కొన్ని వారాలు నిలబడి నేర్చుకుందామంటే మాత్రం తలుపు తీసేవాళ్లు లేరు. దీన్ని ఆన్ ద జాబ్ ట్రైనింగ్ అంటారు. పిల్లల నోట్లో అది ఓజేటీ. దానికి మార్కులున్నాయి, రికార్డు ఉంది, చివర్న ఒక సంతకం, ఒక రబ్బరు స్టాంపు ఉండాలి.

ఆ స్టాంపు కోసం సాగే తిరుగుడు ఏ మండల కేంద్రంలోనైనా ఒకే తీరు. ప్రిన్సిపాల్ ఇచ్చిన ఉత్తరం జిరాక్సు తీయించుకుని, ముగ్గురేసి నలుగురేసి బజారులో పడతారు. ఎలక్ట్రికల్ పిల్లలు మోటార్లు చుట్టే షాపుకీ సబ్‌స్టేషన్‌కీ, అకౌంటింగ్ వాళ్లు ఎరువుల దుకాణానికీ ట్యాక్సు కన్సల్టెంటు దగ్గరికీ పోతారు. సబ్‌స్టేషన్‌లో పైనుంచి ఆర్డరు కావాలంటారు. షాపు యజమాని ‘సీజన్ అయ్యాక రాండమ్మా’ అంటాడు. కన్సల్టెంటు దగ్గర ఉన్నవే రెండు కుర్చీలు. పైగా అక్కడికి ముందే డిగ్రీ పిల్లలు వచ్చి ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది కదా, ఊళ్లో ఉన్న ఆ కొద్ది ఆఫీసులకే అందరూ రావాలి. చివరికి తెలిసిన బాబాయి ఎవరో స్టాంపు వేసి పెడతాడు. రికార్డు మొత్తం ఒకే పెన్నుతో, ఒకే రాత్రి పూర్తవుతుంది. లెక్చరర్‌కు తెలుసు. ఎగ్జామినర్‌కూ తెలుసు. పిల్లవాడిని ఫెయిల్ చేసి ఏం సాధిస్తారు?

తప్పు పిల్లలదని అనబుద్ధి కాదు. ఈ ప్రాంతంలో పెద్ద పరిశ్రమ అనదగ్గది ఒక్కటే, మార్కాపురం పలకలు. ఒకప్పుడు తెలుగు పిల్లలు ఓనమాలు దిద్దిన నల్ల పలక ఇక్కడి రాయే. ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు వచ్చాక బడి పలకకు గిరాకీ పడిపోయి, ఇప్పుడు గోడలకూ నేలకూ వేసే రాతి పలకలు విదేశాలకు పోతున్నాయి. ఆ ఫ్యాక్టరీల్లోకి పదహారేళ్ల పిల్లల్ని పంపడం కుదరదు, పంపకూడదు కూడా. 1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు దేశమంతటా ఎంచుకున్న కొద్ది ప్రాంతాల్లో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, సూరత్ వజ్రాలతో పాటు మార్కాపురం పలకలూ ఉన్నాయి. చదువుకోవాల్సిన పిల్లలు ఇతరుల చదువు కోసం పలకలు కోశారు. రాయి కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు, సిలికోసిస్‌కు మందు లేదు. ఆ దుమ్ములోంచి పిల్లల్ని బయటికి తెచ్చి ప్రత్యేక పాఠశాలల్లో కూర్చోబెట్టడానికి ఏళ్లు పట్టింది. ఆ జ్ఞాపకం ఉన్న ఊళ్లో ‘మా పిల్లలకు పని నేర్పండి’ అని ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడితే లోపలి మనిషి భయపడటం సహజం.

అయితే ఆ భయం దుమ్ము లేని గదిని కూడా మూసేసింది. ఎగుమతి చేసే ఫ్యాక్టరీకి కోత యంత్రాలతో పాటు ఒక ఆఫీసూ ఉంటుంది. జీఎస్టీ లెక్కలు, కంటైనర్ కాగితాలు, పోర్టుకు పంపే బిల్లులు, కొనేవాళ్లకు ఇంగ్లిషులో ఈమెయిళ్లు, అన్నీ అక్కడే జరుగుతాయి. అకౌంటింగ్ చదివే అమ్మాయికి ఇంతకంటే మంచి బడి ఈ చుట్టుపక్కల దొరకదు. ఆ కుర్చీకీ కోత యంత్రానికీ మధ్య గోడ ఉందని అధికారి ఒక కాగితం మీద రాసిస్తే చాలు. ఆ ఒక్క కాగితం లేకనే యజమాని వద్దంటాడు.

చట్టం నిజానికి అంత గుడ్డిది కాదు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు వారిని పనిలో పెట్టుకోకూడదు. బడి అయ్యాక సొంత కుటుంబం పనిలో సాయపడటం వంటి మినహాయింపులే ఉన్నాయి. 14 నుంచి 18 మధ్యవారికి గనుల వంటి ప్రమాదకరమైన పనులు నిషేధం, మిగిలినవి కావు. కానీ బజారుకు చేరింది మొదటి సగమే. 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు అన్న మాట మెకానిక్ చెవిన పడింది. పదహారేళ్ల ఒకేషనల్ విద్యార్థి ఉత్తరం పట్టుకుని వస్తే చట్టం అడ్డు చెప్పదన్న మాట అతనికి ఎవరూ చెప్పలేదు.

మెకానిక్ షెడ్డు సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే మన పల్లెల్లో నిజంగా నడిచిన పనిబడి అదే. ‘అన్నా, వీడికి చదువు ఎక్కడం లేదు, నీ దగ్గర పెట్టుకో’ అని తండ్రి వదిలిపెట్టి పోయేవాడు. మొదటి నెలలన్నీ టీలు తేవడం, డీజిల్‌లో పార్టులు కడగడం. మేస్త్రీ బండి కింద పడుకుని చెయ్యి చాపి అడిగితే పన్నెండు-పదమూడు పానా బదులు పది-పదకొండు ఇచ్చినవాడికి తిట్లు. తర్వాత పంక్చర్లు, ఆయిలు మార్చడం, ఒక రోజున ఇంజను విప్పనివ్వడం. జీతం లేదు, పండక్కి బట్టలు. ఆ పద్ధతిని పొగడాలని నాకు లేదు. దెబ్బలు తిన్నవాళ్లు, చదువు పోగొట్టుకున్నవాళ్లు అందులో చాలామంది. కానీ అక్కడినుంచి వచ్చినవాడు లారీ శబ్దం విని రోగం చెప్పగలడు. అతని చేతికి సర్టిఫికెట్ ఉండదు. ఇంటర్ ఆటోమొబైల్ పాసైనవాడికి సర్టిఫికెట్ ఉంటుంది, శబ్దం తెలియదు. ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నా ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి చేరడం లేదు.

ఇంటర్ అయ్యాక అప్రెంటిస్‌షిప్ ఉంది కదా అంటారు. ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 14 ఏళ్లు నిండినవారిని తీసుకోవచ్చంటుంది, ప్రమాదకర పరిశ్రమలైతే 18. 2019 నిబంధనల్లో ఒకేషనల్ పాసైనవారికి కనీసం నెలకు 7 వేల స్టైపెండు పెట్టారు. అదే నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నవి ఇష్టమైతే తీసుకోవచ్చు. నలుగురు కూడా లేని చోటు లెక్కలోకే రాదు. పొదిలిలో, ఎర్రగొండపాలెంలో, దోర్నాలలో బజారు మొత్తం నడిచి చూడండి, ముప్పై మంది పనిచేసే చోట్లు ఎన్ని కనిపిస్తాయో! ఒక మేస్త్రీ, ఒక హెల్పరు ఉన్న షెడ్డే ఇక్కడి పరిశ్రమ.

ఆడపిల్లల్లో ఓజేటీ కాస్త నిజంగా జరిగేది ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్) కోర్సు చదివేవాళ్లకే. ఆస్పత్రికి ఎప్పుడూ మనుషులు కావాలి కాబట్టి అక్కడ కాదనరు. బీపీ చూడటం, డ్రెస్సింగ్, సెలైన్ మార్చడం నేర్చుకుంటారు. సిబ్బంది తక్కువైన చోట దుప్పట్లు మార్చడం, వార్డు ఊడ్చడం కూడా వాళ్ల మీదే పడుతుంది. రూపాయి ఇవ్వరు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడంతో ఛార్జీల బాధ తప్పింది. రాత్రి డ్యూటీ నేర్చుకోవాలంటే మాత్రం ఆఖరి బస్సు సాయంత్రమే వెళ్లిపోతుంది. మగపిల్లల బాధ ఇంకో రకం. వాళ్ల బస్సు పాసు ఇంటికీ కాలేజీకీ మధ్యనే చెల్లుతుంది. పని దొరికిన ఊరు వేరే దారిలో ఉంటే రోజూ జేబులోంచి పెట్టుకోవాలి.

చదువుతో పాటు పని నేర్పాలన్న విషయం ఢిల్లీకి తెలియక కాదు. చదువులో పని అనుభవం విడదీయరాని భాగం కావాలని 1964-66 కొఠారీ కమిషనే చెప్పింది. అది హైస్కూలుకు చేరేసరికి మొక్కలకు నీళ్లు పోయడం, సుద్దముక్కలు చేయడం దగ్గర ఆగింది. (మా రోజుల్లో హెడ్మాస్టరు గారింటికి బిందెలు మోయడం కూడా అందులోకే వచ్చేది.) 1986 విద్యా విధానం 1995 నాటికి ప్లస్ టూ పిల్లల్లో 25 శాతాన్ని ఒకేషనల్‌కు మళ్లిస్తామంది. 2020 విధానం 2025 నాటికి సగం మందికి వృత్తివిద్య రుచి చూపిస్తామంది. 19 నుంచి 24 ఏళ్ల వయసు శ్రామికుల్లో పద్ధతిగా వృత్తివిద్య అందినవారు 5 శాతం లోపేనని ఆ పత్రమే ఒప్పుకుంది. లక్ష్యాలకు ప్రతిసారీ కొత్త సంవత్సరం రాశారు కానీ, ఏ ఊళ్లో ఏ షెడ్డులో ఎంతమందిని పెట్టాలన్నది ఎవరూ రాయలేదు.

అది రాయడానికి మాత్రం ఢిల్లీ అక్కర్లేదు, జిల్లా కలెక్టర్ చాలు. ఆర్టీసీ డిపో గ్యారేజీ, సబ్‌స్టేషన్, ప్రభుత్వాసుపత్రి, సహకార సంఘం, సచివాలయాల్లో ఎక్కడెక్కడ ఎంతమందిని, ఏ నెలలో తీసుకుంటారో జూన్‌లో కాలేజీలు తెరిచేనాటికే ఒక ఉత్తర్వులో ఉంటే, పిల్లలు ఉత్తరాలు పట్టుకుని తిరిగే పని సగం తగ్గుతుంది. ప్రైవేటు షెడ్లకు ఇంకొకటి కావాలి. జాకీ జారి కుర్రాడి వేలు నలిగితే ఆస్పత్రి ఖర్చు ఎవరిదో తేల్చాలి. ఏడాదికి ఇంత అని ప్రమాద బీమా కాలేజీయే కట్టి, ఆ కాగితం నకలు మేస్త్రీ చేతికివ్వాలి. అదీ, కార్మిక శాఖ నుంచి ఒక అనుమతి ముక్కా లేకుండా ఏ మెకానిక్కూ ఒప్పుకోడు. ఒప్పుకోనందుకు అతన్ని తప్పుపట్టలేం.