మూడు తీగల లెక్క

కావేరీ నది శివసముద్రం వద్ద రెండు పాయలుగా చీలి, గగనచుక్కి, భరచుక్కి అనే జలపాతాలుగా దూకుతుంది. ఆ నీటి బలాన్ని ఉపయోగించుకొని మైసూరు సంస్థానం అక్కడ జలవిద్యుత్ కేంద్రాన్ని నిర్మించింది. దీనికి పూనుకొన్న దివాను సర్ కె. శేషాద్రి అయ్యరు 1901లో మరణించారు. మరుసటి ఏడు, అంటే 1902 జూన్‌లో, ఆ విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్లు ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరింది. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగింది 1905లో.

నగరానికంటె ముందు గనులకు విద్యుత్తు ఎందుకు? గని లోతయ్యేకొద్దీ ఊరే నీటిని తోడాలి. లోపలికి గాలిని పంపాలి. పనివారిని దింపాలి, పైకి చేర్చాలి. వీటిలో ఏది ఆగినా మనుషుల ప్రాణాలకే ముప్పు.

శివసముద్రం నుండి వచ్చింది మూడు ఫేజుల విద్యుత్తు. ఇందులో మూడు తరంగాలు ఒకదాని వెనుక ఒకటి సమానమైన ఎడంతో నడుస్తాయి. ఒకటి తగ్గే వేళకు మరొకటి పెరుగుతుంది. అందువల్ల మొత్తం సామర్థ్యం నిలకడగా ఉంటుంది; మోటారు కుదుపు లేకుండా తిరుగుతుంది.

మూడు ఫేజుల మీద భారం సమానంగా ఉంటే, మోటారు తీసుకొనే వాస్తవ సామర్థ్యాన్ని ఇలా లెక్కించాలి:

వాస్తవ సామర్థ్యం = 1.732 × ఓల్టులు × ఆంపియర్లు × పవర్ ఫ్యాక్టరు

ఇక్కడ ఓల్టులు అంటే రెండు ఫేజుల మధ్య ఉన్నవి. ఆంపియర్లు అంటే ఒక తీగలో ప్రవహించేవి. 1.732 అనేది 3 యొక్క వర్గమూలం.

400 ఓల్టుల మీద ఒక మోటారు 50 ఆంపియర్లు తీసుకొంటున్నదనుకొందాం. 1.732 × 400 × 50 = 34,640. కాని ఇదంతా పనిగా మారదు. మోటారులోని తీగచుట్టలు అయస్కాంత క్షేత్రం కోసం కొంత శక్తిని తీసుకొని, మరుక్షణమే తిరిగి పంపుతుంటాయి. సంతకు పోయి వట్టి చేతులతో తిరిగి వచ్చేవాడికి కూడా బస్సులో చోటు కావాలి కదా! అలాగే ఈ రాకపోకలు కూడా తీగలో చోటు ఆక్రమిస్తాయి. పవర్ ఫ్యాక్టరు 0.8 అయితే వాస్తవ సామర్థ్యం 34,640 × 0.8 = 27,712 వాట్లు, అంటే దాదాపు 27.7 కిలోవాట్లు.

మోటారు పక్కనే తగిన కెపాసిటరును అమర్చితే ఆ రాకపోకలు వాటి మధ్యనే జరిగిపోతాయి. పవర్ ఫ్యాక్టరు 1కి చేరితే, అదే పనికి 40 ఆంపియర్లు చాలు. తీగ వేడెక్కడం వల్ల కలిగే నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. 50 వర్గం 2,500. 40 వర్గం 1,600. అంటే కెపాసిటరు వరకు వచ్చే తీగలలో నష్టం 36 శాతం తగ్గుతుంది.

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అయినా ఈ లెక్క అవసరం తీరలేదు. కోలారు జిల్లాలో బోరుబావుల మోటారులెన్నో మూడు ఫేజుల మీదనే నడుస్తున్నాయి. తీగలో వృథా అయిన విద్యుత్తు నీటిని తోడదు. విద్యార్థులారా! పెద్దల సమక్షంలో, ఏమీ తాకకుండా, మీ ఊరి మోటారు రేకుమీద ఉన్న అంకెలను చూసి రాసుకోండి. అది తీసుకొనే వాస్తవ సామర్థ్యం ఎంతో లెక్కకట్టండి.